ఈట్ లైక్ ఎ హార్స్ ఎప్పుడు వాడాలి, ఎవరి దగ్గర వాడకూడదు

బాగా లాగించేవాడిని మనం బకాసురుడు అంటాం, ఇంగ్లీష్ వాళ్లు గుర్రం అంటారు. హి ఈట్స్ లైక్ ఎ హార్స్ అంటే వాడి తిండే అంత, రోజూ అంతే తింటాడు అని. మనోళ్లు ఎక్కువగా తప్పులో కాలేసేది ఇక్కడే. పొద్దున్నుంచి ఏం తినలేదు, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి, అప్పుడు ఇది పనికిరాదు, దానికి ఐ కుడ్ ఈట్ ఎ హార్స్ అని వేరే ఉంది, అంటే గుర్రాన్నిచ్చినా తినేస్తా అని. అలవాటుకి లైక్, ఆకలికి కుడ్, ఇదొక్కటి గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. జిమ్‌లో చేరాక ఈ మధ్యే తిండి పెరిగిందనుకోండి, అప్పుడు ఐ హావ్ బీన్ ఈటింగ్ లైక్ ఎ హార్స్ అనొచ్చు.

గుర్రమే ఎందుకు అంటే, 500 కిలోల గుర్రం రోజుకి దాదాపు 10 కిలోల ఎండుగడ్డి తినేస్తుంది మరి. కాకపోతే ఒంటితో పోలిస్తే దాని పొట్ట చిన్నది, అందుకే రోజులో ఎక్కువసేపు కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుంది, కానీ సామెతకి అవన్నీ అక్కర్లేదు, ప్లేటు నిండా ఉంటే చాలు. ఇంకో విచిత్రం, తక్కువ తినేవాళ్లని ఈట్ లైక్ ఎ బర్డ్ అంటారు, అక్కడ హమ్మింగ్‌బర్డ్ అనే బుల్లి పిట్టని చూస్తే ఒక్కరోజులో తన బరువుని మించి పూలతేనె తాగేయగలదు!

గుర్రం బదులు పిగ్ అన్నారంటే మాత్రం గొడవే, అది ఎంత తిన్నాడనే కాదు, ఆబగా, మీదా కిందా పోసుకుని అసహ్యంగా తింటున్నాడని కూడా.

ఎవరి దగ్గర అనాలి అంటే, మీ గురించి మీరు అనుకుంటే ఎక్కడైనా ఓకే, తమ్ముడినో క్లోజ్ ఫ్రెండ్‌నో అన్నా నవ్వేస్తారు. భోజనానికి పిలిచినవాళ్లు ఇంకొంచెం వేసుకోండి అంటుంటే థాంక్యూ, ఐ ఈట్ లైక్ ఎ హార్స్ అంటే వడ్డించేవాళ్లకి సంతోషమే. కానీ ఇంటికొచ్చిన గెస్ట్‌ని, బాస్‌ని, కొత్తగా పరిచయమైనవాళ్లని అస్సలు అనొద్దు, లావుగా ఉన్నవాళ్లని అయితే మరీను. మన ఇళ్లల్లో అయితే దిష్టి పెడుతున్నావా అని పెద్దోళ్లు వెంటనే తగులుకుంటారు, అది వేరే సంగతి.

ఇద్దరు ముగ్గురి గురించైతే దే ఈట్ లైక్ హార్సెస్ అనాలి. ఆఫీస్ మెయిల్‌లోనో ఎగ్జామ్ వ్యాసంలోనో అయితే గుర్రాన్ని పక్కనపెట్టి బిగ్ ఎపెటైట్ అని రాసేయండి.