కారు కింద చుక్క కనబడితే: లీక్ ఎక్కడుందో ఇంటి దగ్గరే పట్టుకోవడం ఎలా

పోయిన వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఫోన్ చేసి, సార్, మీ బండి కింద నూనె మరక పడింది, ఒకసారి వచ్చి చూడండి అన్నాడు. బేస్‌మెంట్‌లోకి దిగి చూస్తే అరచెయ్యంత నల్లటి మరక. బెంగళూరు మారతహళ్లిలో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే బండి పైకెత్తి, కింద టార్చి వేసి, నిమిషం కూడా చూడకుండా, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యలోంచి వస్తోంది, క్రాంక్ వెనక సీల్ (ఇంజన్ తిప్పే ఇరుసు వెనక కొసన నూనె కారకుండా ఆపే రింగు) పోయింది, గేర్‌బాక్స్ దింపాల్సిందే అన్నారు. ఆ వారాంతం చిత్తూరు వెళ్లాలి, ఇంట్లో అందరం బయల్దేరి ఉన్నాం, నాకు టెన్షన్ పట్టుకుంది. మా బావకి ఫోన్ చేస్తే (ఆయన అక్కడ లారీలు చూసుకుంటాడు) ఒకటే అడిగాడు: "నూనె కింద పుట్టదు బావా, పైనుంచి దిగుతుంది. బానెట్ ఎత్తి చూశావా?"

చూడలేదు. ఆ రాత్రి చూశాను. ఇంజన్ నెత్తిన ఉండే ట్యాపెట్ కవర్ గేర్‌బాక్స్ వైపు మూలలో ప్యాకింగ్ (అతుకులో నూనె కారకుండా పెట్టే రబ్బరు పట్టీ) గట్టిపడి, అక్కడ ఊరిన నూనె ఇంజన్ పక్కనుంచి సన్నటి గీతలా దిగి, సరిగ్గా ఆ గేర్‌బాక్స్ అతుకు దగ్గర చుక్కయి రాలుతోంది. చుక్క పడే చోటు వేరు, లీక్ అయ్యే చోటు వేరు. గ్యారేజీలో పెద్ద పనికి సరే అనేముందు ఈ తేడా మీరే తేల్చుకోవాలని ఇది రాస్తున్నాను. ఒక రాత్రి, ఒక పొద్దున, కొన్ని పాత గుడ్డలు చాలు.

ముందు అట్ట. టీవీదో ఫ్రిజ్‌దో డెలివరీ డబ్బా విప్పి, శుభ్రంగా ఉన్న వైపు పైకి పెట్టి ఇంజన్ కింద పరవండి, చాలకపోతే రెండు ముక్కలు టేప్‌తో కలపండి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేల మీద పాత మరకలు ఎన్నో ఉంటాయి, అందులో ఏది మీ బండిదో నేలని చూసి చెప్పలేం. అట్ట మీద ముందు వైపుకి ఒక బాణం గుర్తు వేసి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో పెన్నుతో గీయండి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు పరిచి, పొద్దున్న బండి కదిపే ముందు చూడండి. బండి చదునైన చోట ఉండాలి, ర్యాంప్ మీద అయితే చుక్క పక్కకి జారి దారి తప్పిస్తుంది.

పొద్దున్న చుక్కని తెల్ల టిష్యూతో అద్ది, వెలుతురులోకి తెచ్చి చూడండి. ఇంజన్ ఆయిల్ అయితే గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉంటుంది, వేళ్ల మధ్య జారుతుంది. కూలెంట్ పచ్చగానో గులాబీగానో నారింజగానో నీలంగానో ఉంటుంది, కొంచెం తీపి వాసన వస్తుంది. ఆ తీపికే వీధి కుక్కలు, పిల్లులు నాకుతాయి. అది వాటికి విషం, కాబట్టి కనబడగానే నీళ్లు పోసి వదిలెయ్యకుండా గుడ్డతో తుడిచి చెత్తలో వెయ్యండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు ఎర్రగా ఉంటుంది, మాన్యువల్‌ గేర్ ఆయిల్ చిక్కగా, గంధకం వాసనతో ఉంటుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ కూడా ఎక్కువగా ఎర్రదే, అయితే ఇప్పటి బళ్లలో చాలావాటికి కరెంటు స్టీరింగే కాబట్టి ఆ ఆయిలే ఉండదు. రంగూ వాసనా జిడ్డూ ఏమీ లేక, ఏసీ వేసిన రోజే ముందు ఎడమ సీటు వైపు పడుతుంటే అది ఏసీ నీళ్లు, దిగులు పడక్కర్లేదు.

రెండు విషయాల్లో మాత్రం వెతకడం కూడా వద్దు. లేత పసుపు రంగులో పలచగా, చక్రం లోపలి వైపునో బ్రేక్ పెడల్ కిందో తడి కనబడితే అది బ్రేక్ ఆయిల్, బండి కదపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి. పెట్రోల్ వాసన వస్తే తాళం తిప్పకండి, దగ్గర్లో ఎవర్నీ సిగరెట్ వెలిగించనివ్వకండి.

ఇక పైన వెతకడం. ఇంజన్ పూర్తిగా చల్లారాక, అంటే పొద్దున్నే, బానెట్ ఎత్తండి. మొదట డిప్‌స్టిక్ (నూనె ఎంతుందో చూసే పుల్ల) తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. చాలా కార్లలో కింది గీతకీ పై గీతకీ మధ్య సుమారు ఒక లీటరు తేడా ఉంటుంది. నూనె కింది గీత దగ్గరికి వచ్చేసి ఉంటే ముందు నూనె పోసి ఆ తర్వాతే వెతుకులాట. తర్వాత టార్చి పట్టుకుని పైనుంచి కిందికి చూడండి. తడి ఎక్కడ మొదలైందో, అంటే అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందున్న తడి చోటే మన అనుమానితుడు. ముందున్నది అని ఎందుకంటున్నానంటే, బండి పోతున్నప్పుడు గాలి నూనెని వెనక్కి తోసుకుపోతుంది, అందుకే వెనకంతా మడ్డి పట్టి భయపెడుతుంది. టార్చి అందని చోటికి సెల్‌ఫోన్ దూర్చి వీడియో తీస్తే బాగా కనబడుతుంది.

పాత మడ్డి ఉంటే ఏదీ తేలదు, తుడవాల్సిందే. డీగ్రీసర్ స్ప్రేని నేరుగా ఇంజన్ మీద కొట్టకుండా బ్రష్‌కి రాసి రుద్ది, గుడ్డతో తుడవండి. ఆల్టర్నేటర్, వైర్ల సాకెట్ల మీద కవర్ కప్పండి. ప్రెషర్ వాటర్ వాష్ మాత్రం వద్దు, సాకెట్లలోకి నీళ్లు పోతే లీక్ వెతకబోయి సెన్సర్ల గొడవలో పడతాం. బాగా ఆరాక అనుమానం ఉన్న చోట మామూలు టాల్కమ్ పౌడర్ పలచగా చల్లండి. బండి స్టార్ట్ చేసి పావుగంట కదపకుండా ఐడిల్‌లో వదిలి, ఆపి చూడండి. నాకు తేలింది ఇలాగే: తెల్లటి పౌడర్ మీద కవర్ అతుకు పొడవునా గోరంత వెడల్పున తేనె రంగు గీత, దాని కొసన ఒక చుక్క, ఆ చుక్క నుంచి కిందికి ఒకటే దారి. మిగతా పౌడర్ అంతా పొడిగానే ఉంది.

ఇంజన్ నడుస్తున్నంతసేపూ బెల్టు దగ్గర చేతులు, చున్నీ, వదులు చొక్కా ఏవీ ఉండకూడదు. రేడియేటర్ ఫ్యాన్ కొన్ని బళ్లలో ఇంజన్ ఆపాక కూడా ఉన్నట్టుండి తిరుగుతుంది. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి ఎప్పుడూ దూరకండి.

ఆయిల్ మార్చిన వారంలోనే లీక్ మొదలైతే ముందు ఈ రెండు చోట్లే చూడండి: డ్రెయిన్ బోల్ట్ వాషర్ కొత్తది వేశారా, ఆయిల్ ఫిల్టర్ దగ్గర పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుపోయి దానిమీదే కొత్తది బిగించారా. పాత బళ్లలో ఒక్కో సీల్ మార్చిన కొద్దీ ఇంకోచోట మొదలవుతుంటే పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపల పోగయ్యే వాయువుల్ని బయటికి పంపే వాల్వ్) చూపించండి. అది మూసుకుపోతే ఇంజన్ లోపల ఒత్తిడి పెరిగి బాగున్న సీళ్లలోంచి కూడా నూనెని బయటికి తోస్తుంది. ఇది చాలామంది చూడరు.

కూలెంట్ దగ్గర అట్ట మోసం చేస్తుంది. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో ముప్పావుగంట ఇరుక్కున్నప్పుడు వేడికీ ఒత్తిడికీ కారే కూలెంట్ వేడి ఇంజన్ మీదే ఆవిరైపోతుంది, ఇంటికొచ్చి చూస్తే అట్ట పొడిగా ఉంటుంది. అందుకని పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ బాటిల్ మీద లెవెల్ దగ్గర మార్కర్‌తో గీత గీసి, తేదీ వేసి, వారం తర్వాత అదే వేళకి చూడండి. తగ్గిందా, లీక్ ఉన్నట్టే. కారి ఎండిన చోట ఉప్పు పేరుకున్నట్టు తెల్లగానో పచ్చగానో గులాబీగానో చార ఉంటుంది, అదే దొంగ జాడ. పైపుల క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అతుకు వెంట, వాటర్ పంపు కింది భాగంలో చూడండి. పంపుకి ఒక చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీల్ పోతే కూలెంట్ అందులోంచి బయటికి రావాలనే దాన్ని పెట్టారు. ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూయించకండి, పంపు మార్చాలి. బయట ఎక్కడా జాడ లేక, కార్లో కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి అద్దం లోపల జిగటగా మసకబారుతుంటే హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) లీకవుతున్నట్టు. పొగగొట్టంలోంచి వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే హెడ్ గ్యాస్‌కెట్ (ఇంజన్ బ్లాకుకీ పై హెడ్‌కీ మధ్య ప్యాకింగ్) పోయినట్టు, అది మాత్రం ఇంటి పని కాదు.

వేడిగా ఉండగా రేడియేటర్ మూత తియ్యకండి, మొహం మీదికి చిమ్ముతుంది. లీక్ ఆగడానికి పసుపు పోస్తారని హైవే మీద చెబుతారు. దారి మధ్యలో గతిలేనప్పుడు పోసుకున్నవాళ్లున్నారు గానీ, అది రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుని ఇంకో రోజు, చిత్తూరు దారిలో మొగిలి ఘాట్ ఎక్కుతుండగా, బండి కాగిపోయేలా చేస్తుంది. వద్దు.

నేను ఆ ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ బండి స్పేర్ పార్టులు అమ్మే జేసీ రోడ్డులో మోడల్, సంవత్సరం చెప్పి కొనుక్కొచ్చి, ఇంకో మెకానిక్‌తో వేయించాను, గంటలో అయిపోయింది. మీరే వేసుకుంటే బోల్టులు ఒకేసారి బిగించకుండా మధ్య నుంచి చివరలకి కొంచెం కొంచెంగా బిగించండి, ప్లాస్టిక్ కవర్ అయితే ఎక్కువ బిగిస్తే పగులుతుంది. పని అయ్యాక చోటంతా తుడిపించి, పాత ప్యాకింగ్ అడిగి తీసుకుని, ఆ రాత్రి కింద కొత్త అట్ట పరవండి. మా అట్ట వారం పాటు పొడిగానే ఉంది, పలమనేరు మీదుగా చిత్తూరు వెళ్లొచ్చాక కూడా.