క్యూబా క్యాచర్ కెరీర్‌ను అంకెల్లో చదవడం ఎలా: యస్మానీ గ్రాండల్ ఉదాహరణగా

బేస్‌బాల్ ఆటగాడి గణాంకాల పేజీ తెరవగానే క్రికెట్‌కు అలవాటుపడిన మన కన్ను ముందుగా బ్యాటింగ్ సగటు మీదికి వెళ్తుంది. క్యాచర్ విషయంలో ఆ అంకెను చివరికి వాయిదా వేయాలి. వికెట్ కీపర్‌ను అతడు చేసిన పరుగులతో మాత్రమే తూచడం ఎంత అన్యాయమో మనకు తెలుసు. క్యాచర్ విషయంలో ఆ అన్యాయం ఇంకా పెద్దది, ఎందుకంటే బ్యాటర్ కొట్టకుండా వదిలిన ప్రతి బంతినీ అతడే అందుకోవాలి, పిచర్ ఏ బంతి వేయాలో చాలావరకు అతడే సూచించాలి. యస్మానీ గ్రాండల్ ఇందుకు మంచి ఉదాహరణ. 1988 నవంబర్ 8న హవానాలో పుట్టి, 2012 నుంచి 2024 వరకు అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఆడిన ఈ క్యాచర్ సగటు (కొట్టే అవకాశాల్లో హిట్ల, అంటే బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరినవాటి, నిష్పత్తి) తొలి సీజన్ తర్వాత ఎన్నడూ 0.250 దాటలేదు. అయినా అతడు 2015, 2019లలో ఆల్‌స్టార్ జట్టులో చోటు సంపాదించాడు, కోట్ల డాలర్ల ఒప్పందాలు అందుకున్నాడు. ఈ రెండూ ఎలా పొసిగాయో తెలియాలంటే పేజీని మరో వరుసలో చదవాలి.

మొదట పుట్టిన ఊరు కాదు, లీగ్‌లోకి వచ్చిన దారి చూడండి. క్యూబా విషయంలో ఇది తప్పనిసరి. విప్లవ ప్రభుత్వం 1961లో వృత్తిపరమైన క్రీడలను రద్దు చేయడంతో పాత శీతకాలపు లీగ్ ముగిసిపోయింది, మరుసటి ఏడాది ఔత్సాహిక ప్రాతిపదికన నేషనల్ సిరీస్ మొదలైంది. అప్పటినుంచి క్యూబా ఆటగాడు అమెరికాలో ఆడాలంటే దేశం విడిచిపోవడమే మార్గంగా మిగిలింది. 2018 డిసెంబర్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్, క్యూబా సమాఖ్య కలిసి ఒక చట్టబద్ధమైన మార్గానికి ఒప్పందం చేసుకున్నా, 2019 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. పెద్దయ్యాక దేశం వదిలినవారు సాధారణంగా మూడో దేశంలో నివాసం ఏర్పరచుకుని, ఫ్రీ ఏజెంట్లుగా, అంటే నచ్చిన జట్టును ఎంచుకునే స్వేచ్ఛతో, జట్లతో ఒప్పందం చేసుకుంటారు. 2013లో ఇలాగే వచ్చిన హోసే అబ్రేయు చికాగో వైట్ సాక్స్‌తో ఆరేళ్లకు 6.8 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. చిన్నప్పుడే కుటుంబంతో అమెరికా చేరినవారు మాత్రం స్థానిక విద్యార్థులందరితో పాటు డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే విధానం) ద్వారానే రావాలి. గ్రాండల్ పదేళ్ల వయసు ప్రాంతంలో మయామీ చేరాడు కాబట్టి అతనిది రెండో దారి. ఈ తేడా గుర్తించకపోతే, ఇరవై ఆరేళ్ల వయసులో పూర్తిగా తయారై వచ్చిన అబ్రేయు తొలి ఏడాదిని, అప్పుడే కాలేజీ దాటిన గ్రాండల్ తొలి ఏడాదిని ఒకే కొలతతో కొలిచే పొరపాటు జరుగుతుంది.

తర్వాత డ్రాఫ్ట్ స్థానం, ఆ వెంటనే జరిగిన బదిలీలు చూడాలి. 2007లో బోస్టన్ రెడ్ సాక్స్ 27వ రౌండ్‌లో ఎంచుకున్నా గ్రాండల్ సంతకం చేయకుండా మయామీ విశ్వవిద్యాలయంలో చేరాడు. 2010లో సిన్సినాటి రెడ్స్ అతన్ని మొత్తం మీద 12వ స్థానంలో ఎంచుకుంది. కానీ 2011 డిసెంబర్‌లోనే, పిచర్ మ్యాట్ లేటోస్ కోసం శాన్ డియేగో పాడ్రెస్‌కు పంపిన నలుగురిలో అతడూ ఉన్నాడు. ఆ నలుగురిలో మరొకడైన యోండర్ అలోన్సో కూడా హవానాలో పుట్టి, అదే విశ్వవిద్యాలయంలో చదివినవాడు. తొందరగా బదిలీ అయిన కుర్రవాడిని జట్టు వద్దనుకుందని అనుకోకండి. ఆ స్థానంలో ఇంకెవరున్నారో చూడండి. రెడ్స్ దగ్గర అప్పటికే డెవిన్ మెసొరాకో అనే యువ క్యాచర్ ఉన్నాడు, అలోన్సో ఆడే ఫస్ట్ బేస్‌లో జోయీ వాటో ఉన్నాడు.

ఇప్పుడు సీజన్ల వరుసలో ఖాళీలు వెతకండి. క్యాచర్ పేజీలో ఆడని మ్యాచులు ఆడిన మ్యాచులంత ముఖ్యం. 2012 జూన్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన గ్రాండల్, స్విచ్ హిట్టర్ (రెండు వైపుల నుంచీ బ్యాటింగ్ చేయగలవాడు) కావడంతో తన మొదటి రెండు హిట్లనూ ఒకే మ్యాచ్‌లో, ఒకటి ఎడమవైపు నుంచి, మరొకటి కుడివైపు నుంచి హోమ్ రన్లుగా (సిక్సర్‌లా మైదానం దాటే హిట్లుగా) మలిచాడు. ఆ ఏడాది 60 మ్యాచుల్లో సగటు 0.297. మరుసటి సీజన్‌లో 28 మ్యాచులే కనిపిస్తాయి. ఆ ఖాళీకి కారణాలు రెండు. మొదటిది టెస్టోస్టెరాన్ పరీక్షలో దొరికి అనుభవించిన 50 మ్యాచుల నిషేధం. దాన్ని దాచి ఈ కెరీర్‌ను చెప్పడం నిజాయితీ కాదు. రెండోది 2013 జులైలో హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే, పరుగు పూర్తయ్యే చోటు) దగ్గర రన్నర్‌తో ఢీకొనడం వల్ల కుడి మోకాలిలో తెగిన లిగమెంట్. ప్లేట్ దగ్గర ఢీకొనడాన్ని పరిమితం చేసే నిబంధన ఆ మరుసటి ఏడాది, 2014లో వచ్చింది. కాబట్టి పాత క్యాచర్ల మోకాళ్లను, 2014 తర్వాతివారి మోకాళ్లను పోల్చేటప్పుడు ఈ ఏడాదిని గుర్తుంచుకోవాలి. 2015లో కూడా సీజన్ రెండో సగంలో గ్రాండల్ బ్యాటింగ్ కుప్పకూలింది. భుజం గాయంతో ఆడుతూ, సీజన్ ముగిశాక శస్త్రచికిత్స చేయించుకున్నాడు. సీజన్ మొత్తం సగటు ఈ రెండు సగాలనూ ఒకే అంకెలో కలిపేస్తుంది కాబట్టి నెలలవారీ పట్టిక తెరవడం అలవాటు చేసుకోండి.

బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు సగటును పక్కనపెట్టి, బ్యాటర్ ఎంత తరచుగా బేస్ చేరాడో చెప్పే ఆన్-బేస్ శాతం చూడండి. సగటు హిట్లనే లెక్కిస్తుంది. స్ట్రైక్ జోన్ (ప్లేట్ మీదుగా బ్యాటర్ ముందు ఉండే ఊహాత్మక చట్రం) బయట పడిన నాలుగు బంతులను వదిలి, నడుచుకుంటూ మొదటి బేస్ చేరడాన్ని వాక్ అంటారు; అది సగటులోకి రాదు, కానీ జట్టుకు రన్నర్ దొరికినట్టే. 2019లో మిల్వాకీ బ్రూవర్స్ తరఫున గ్రాండల్ 513 ఎట్-బ్యాట్లలో (వాక్‌ల వంటివి మినహాయించిన బ్యాటింగ్ అవకాశాల్లో) 126 హిట్లు కొట్టాడు, అంటే సగటు 0.246. వాటికి తోడు 109 వాక్‌లు తీసుకోవడంతో ఆన్-బేస్ శాతం 0.380కి చేరింది. 2021 ఇంకా స్పష్టమైన ఉదాహరణ: 93 మ్యాచుల్లో హిట్లు 67, వాక్‌లు 87. హిట్లకంటే వాక్‌లు ఎక్కువైన ఆ ఏడాది సగటు 0.240 దగ్గర ఆగినా ఆన్-బేస్ 0.420కి వెళ్లింది, 23 హోమ్ రన్లూ వచ్చాయి. సగటును మాత్రమే చూసినవారు ఆ సీజన్‌ను మామూలుదని అనుకుంటారు. నా దృష్టిలో, ఆడినంతవరకు అది అతని బ్యాటింగ్‌లో అత్యుత్తమ సీజన్.

అసలు కష్టమైన, ఎక్కువ సమయం పెట్టాల్సిన భాగం ఇప్పుడు వస్తుంది. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. దాని అంచు తాకీ తాకకుండా వెళ్లే బంతి స్ట్రైకా (జోన్‌లో పడినది), బాలా (బయట పడినది) అన్నది ఇంతకాలం క్యాచర్ వెనక నిలబడిన అంపైర్ కంటి నిర్ణయం. చేతి గ్లవ్‌ను విసురుగా కదపకుండా, బంతి దిశను ముందే పసిగట్టి, కింద నుంచి మెల్లగా పైకి లేపుతూ అందుకునే క్యాచర్‌కు ఆ అంచు బంతుల్లో ఎక్కువ స్ట్రైకులుగా పలుకుతాయి. దీన్నే పిచ్ ఫ్రేమింగ్ అంటారు. బంతి ప్రయాణాన్ని కెమెరాలు నమోదు చేయడం మొదలైన 2000ల చివరి ఏళ్ల నుంచే దీన్ని కొలవడం సాధ్యమైంది. బంతి బాల్ కాకుండా స్ట్రైక్ అయితే దాని విలువ సుమారు పరుగులో ఎనిమిదో వంతు. చూడటానికి ఇది చాలా చిన్నది. కానీ క్యాచర్ సీజన్‌లో వేల బంతులు అందుకుంటాడు. అందులో మామూలు క్యాచర్‌కంటే వంద స్ట్రైకులు అదనంగా రాబడితే 12 పరుగులకు పైగా ఆదా అవుతాయి, పది పరుగులు దాదాపు ఒక గెలుపుతో సమానం. పాడ్రెస్ తర్వాత లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్, బ్రూవర్స్ జట్లలో ఆడిన ఏళ్లలో గ్రాండల్ ఈ పనిలో లీగ్ ముందు వరుసలో నిలిచాడు.

ఇక్కడ ఒక ఆచరణాత్మక జాగ్రత్త అవసరం. ఆటగాడి మొత్తం విలువను చెప్పే వార్ అనే అంకె రెండు ప్రధాన వెబ్‌సైట్లలో రెండు రకాలుగా ఉంటుంది. ఫ్యాన్‌గ్రాఫ్స్ 2019 నుంచి క్యాచర్ల లెక్కలో ఫ్రేమింగ్‌ను కలుపుతోంది, బేస్‌బాల్ రెఫరెన్స్ కలపదు. గ్రాండల్‌కు ఈ రెండింటి మధ్య చాలా తేడా కనిపిస్తుంది. ఏది సరైనదని వాదించేకన్నా, రెండూ తెరిచి వాటి మధ్య దూరాన్ని చూడండి. ఆ దూరంలో చాలా భాగం అతని గ్లవ్ చేసిన పనే.

తర్వాత పాస్డ్ బాల్స్ గడి చూడండి. క్యాచర్ ఆపగలిగి ఉండీ వదిలేశాడని అధికారిక స్కోరర్ భావించిన బంతి పాస్డ్ బాల్, పిచర్ తప్పిదమని భావించినది వైల్డ్ పిచ్. అంటే ఇందులో మనిషి తీర్పు ఉంది. మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్ 2018 చాంపియన్‌షిప్ సిరీస్ మొదటి మ్యాచ్‌లోనే గ్రాండల్ రెండు పాస్డ్ బాల్స్ వదిలాడు. ఆ సిరీస్‌లో డాడ్జర్స్ అతన్ని పక్కనపెట్టి ఆస్టిన్ బార్న్స్‌ను ఆడించింది. టీవీలో దేశమంతా చూసిన ఆ వారం అతని పేరుకు చాలాకాలం అంటుకుంది. అయితే ఆ సిరీస్‌లో ఎదుటి జట్టు బ్రూవర్స్. ఆ తప్పులను అందరికంటే దగ్గరగా చూసిన ఆ జట్టే మూడు నెలలు గడవకముందే అతనితో ఒప్పందం చేసుకుంది. ఒక చెడ్డ వారాన్ని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలో నిర్ణయించుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

అందుకే ఒప్పందాలనూ గణాంకాల్లో భాగంగానే చదవాలి. 2019కి ముందు న్యూయార్క్ మెట్స్ నాలుగేళ్లకు సుమారు 6 కోట్ల డాలర్లు ఇవ్వజూపిందని వార్తలు వచ్చాయి. గ్రాండల్ దాన్ని కాదని బ్రూవర్స్‌తో ఒక్క ఏడాదికి 1.825 కోట్లకు సంతకం చేశాడు. ఆ ఏడాది బాగా ఆడి, 2019 నవంబర్‌లో వైట్ సాక్స్ నుంచి నాలుగేళ్లకు 7.3 కోట్లు పొందాడు. అప్పటికి ఆ క్లబ్ చరిత్రలో అదే అతిపెద్ద ఒప్పందం, అది దాటినది అబ్రేయు రికార్డునే. 2020 ఆగస్టు 16న సెయింట్ లూయిస్ కార్డినల్స్ మీద వైట్ సాక్స్ వరుసగా నాలుగు హోమ్ రన్లు కొట్టినప్పుడు మొదటి మూడూ క్యూబాలో పుట్టిన యోవాన్ మొంకాడా, గ్రాండల్, అబ్రేయులవే.

చివరి ఏళ్లను చదివేటప్పుడు వయసు పక్కనే మోకాళ్లను పెట్టండి. 2021 జులైలో ఎడమ మోకాలి స్నాయువు తెగి శస్త్రచికిత్స జరిగింది. మరుసటి ఏడాది 99 మ్యాచుల్లో సగటు 0.202, హోమ్ రన్లు ఐదే. కూర్చుని లేవడమే పనిగా గల స్థానంలో ముప్పై మూడేళ్లు దాటిన కాళ్లు ఇలాగే జవాబిస్తాయి. మొత్తం మ్యాచులకు బదులు క్యాచర్‌గా ఆడిన మ్యాచుల గడిని చూస్తే ఈ దిగుదల ముందుగానే అర్థమవుతుంది. 2024లో అతడు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కు ఆడాడు.

వేరే కాలపు క్యూబా క్యాచర్‌తో పోల్చాలనుకుంటే మిగెల్ ఏంజెల్ గొంజాలెజ్ పేజీ తెరవండి. 1912లో మేజర్ లీగ్‌లోకి వచ్చి 17 సీజన్లలో కనిపించిన అతని పేరిట హోమ్ రన్లు 13 మాత్రమే. ఆ కాలంలో ఫ్రేమింగ్ లెక్క లేదు కాబట్టి అతని గ్లవ్ విలువ ఏ పట్టికలోనూ దొరకదు. అన్నేళ్లు జట్లు అతన్ని ఎందుకు ఉంచుకున్నాయో, 1938లో కార్డినల్స్ తాత్కాలిక మేనేజర్ బాధ్యత అతని చేతిలో ఎందుకు పెట్టిందో ఆలోచించి ఊహించుకోవాలి. వేసవిలో అమెరికాలో, చలికాలంలో హవానాలో ఆడటం అతని తరానికి సాధ్యమైంది. గ్రాండల్ తరానికి ఆ అవకాశం లేదు.

2026 సీజన్ నుంచి బంతి నిర్ణయాలను కెమెరా వ్యవస్థ ద్వారా సవాలు చేసే హక్కును బ్యాటర్‌కు, పిచర్‌కు, క్యాచర్‌కు ఇస్తూ మేజర్ లీగ్ నిబంధన ఆమోదించింది. జట్టుకు మొదట రెండు సవాళ్లు ఉంటాయి. కాబట్టి ఇకముందు క్యాచర్ల పేజీలు చదివేటప్పుడు ఫ్రేమింగ్ పక్కనే సవాళ్లలో ఎన్ని నెగ్గారో చూడాలి. 2026కు ముందు, తర్వాత ఫ్రేమింగ్ అంకెలను నేరుగా పోల్చకూడదు.