చెట్టు మొదలు మీది లైకెన్‌ను గుర్తుపట్టడం ఎలా?

మామిడి మొదలు మీద బూడిదరంగు పెచ్చులు కనబడగానే తెగులనుకుని గీకేసి సున్నం కొట్టేస్తుంటారు. అది తెగులు కాదు, లైకెన్. శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే జీవి. బెరడును పట్టుకుని ఉంటుందే తప్ప చెట్టు రసం పీల్చదు. దాన్ని గీకకండి, పేరు తెలుసుకోండి.

కావలసినవి: పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, కొత్త బ్లేడు, నీళ్ల స్ప్రే, టూత్‌పిక్‌లు, కాగితపు కవర్లు. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పట్టి నమూనా బూజెక్కుతుంది.

నీళ్లు చల్లి ఐదు నిమిషాలు ఆగితే లైకెన్ మెత్తబడి విరగకుండా లేస్తుంది. రూపాయి బిళ్లంత ముక్క చాలు. రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా తీయకూడదు. కవరు మీద తేదీ, ఊరు, చెట్టు పేరు అప్పుడే రాసి, ముక్కను నీడలో ఆరబెట్టండి.

తర్వాత ఆకారం చూడండి. బెరడుకు అతుక్కుపోయి, పైన నల్లటి గీతలు రాతలా కనిపిస్తే గ్రాఫిస్ అనే లైకెన్ కావచ్చు. ఆకుల్లా అంచులు లేచి ఉంటే అసలు పని ఇక్కడే మొదలవుతుంది. అరకు, అనంతగిరి వైపు కొండల్లో వెతికేవాళ్లు పార్మోట్రీమా టింక్టోరమ్, పార్మోట్రీమా రెటిక్యులాటమ్ అనే రెండు లైకెన్ జాతులను ఒకటిగా రాసేస్తుంటారు. మొదటిదాని పైభాగాన సన్నని పుల్లల్లాంటి మొలకలుంటాయి. రెండోదాని మీద తెల్లని వలలాంటి పగుళ్లు, అంచుల్లో పొడి ఉంటాయి. ముసలి నమూనాల్లో ఇవి అరిగిపోతాయి, ఫొటో యాప్ కూడా తప్పుతుంది. తేల్చేది రసాయన పరీక్షే.

రెండు ద్రావణాలు కావాలి. ఒకటి, 10 మి.లీ. నీళ్లలో 1 గ్రాము పొటాషియం హైడ్రాక్సైడ్ (కింద పొటాష్ అన్నది ఈ ద్రావణాన్నే). దాన్నే నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి, దాని మీద నీళ్లు పోయకూడదు, వేడెక్కి చిమ్ముతుంది. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి. రెండోది, రంగూ వాసనా కలపని బట్టల బ్లీచ్. సీసా తెరిచి నెలలైతే దాని బలం పోతుంది. అలాంటి బ్లీచ్‌తో రంగు రాలేదంటే దాన్ని ఫలితంగా రాసుకోకండి.

ఎక్కువమంది పొరబడేది చుక్క పెట్టే చోటులోనే. పై చర్మం మీద పొటాష్ పెడితే రెండు జాతులూ పసుపు రంగే చూపుతాయి, ఎందుకంటే రెండింటి చర్మంలోనూ ఆట్రనోరిన్ అనే రసాయనం ఉంటుంది. చూడాల్సింది దాని కింద దూదిలా ఉండే తెల్లటి పొరను. ముక్క పొడిగా ఉన్నప్పుడు, అంచుకు కాస్త లోపల, బ్లేడును పడుకోబెట్టి పైచర్మాన్ని మాత్రమే చెక్కండి. బ్లేడు నిలబెడితే అడుగున ఉన్న నల్ల పొర దాకా తెగుతుంది, ఇక రంగు తెలియదు. తడి ముక్కలో ద్రావణం పాకి రంగు చెదురుతుంది. డ్రాపర్ వాడకండి, చుక్క మరీ పెద్దదవుతుంది. టూత్‌పిక్ కొనతో తాకిస్తే చాలు. ప్రతి పరీక్షకూ కొత్త గాటు, కొత్త పుల్ల. రెండు ద్రావణాలనూ ఒకే చోట కలపకండి.

బ్లీచ్ తాకించేటప్పుడు భూతద్దం ముందే కంటికి పెట్టుకోండి. టింక్టోరమ్ తెల్ల పొర వెంటనే ఎర్రబడి, క్షణాల్లో వెలిసిపోతుంది. దానికి పొటాష్‌తో మార్పు ఉండదు. రెటిక్యులాటమ్ బ్లీచ్‌కు మారదు. పొటాష్ తాకిస్తే మొదట పసుపై, ఒక్క నిమిషంలోపు రక్తపు ఎరుపుకు తిరుగుతుంది. పసుపు చూడగానే వదిలేసేవాళ్లు ఆ ఎరుపును చూడరు.

చేయి కుదిరేదాకా కిరాణా కొట్లో బిరియానీకి అమ్మే రాతిపువ్వు మీద చేసి చూడండి, అదీ లైకెనే. అందులో రెండు మూడు రకాలు కలిసి ఉంటాయి. పరీక్షించినదాన్ని కూరలో వేయకుండా పారేయండి.

తాజా బ్లీచ్‌తో రెండోసారి చేసినా పై రెండు ఫలితాల్లో ఏదీ రాకపోతే, కవరు మీద పార్మోట్రీమా అని మాత్రమే రాసి ఆపండి.