పాత ఐర్లండ్ వెండి మీద ముద్రలు చదవడం – 4వ పాఠం: కంసాలి అక్షరాలు

వెండి చెంచా చేతికి రాగానే ఎవరి కళ్లయినా ముందు అక్షరాల మీదికే పోతాయి. ఎవరు చేశారో తెలుసుకోవాలన్న ఆత్రం అది. అయినా మూడు పాఠాలు అయ్యేదాకా ఆ అక్షరాల జోలికి వెళ్లకుండా కావాలనే ఆపాను. కిరీటం ఉన్న హార్ప్ (తీగల వాద్యం బొమ్మ), కూర్చున్న హైబర్నియా (ఐర్లండ్‌కి ప్రతీకగా గీసే స్త్రీ బొమ్మ), సంవత్సరం అక్షరం (ఏ ఏడు పరీక్షించారో చెప్పే అక్షరం) – ఈ మూడింటినీ చదివాకే కంసాలి అక్షరాల దగ్గరికి రావాలి. ముందే అక్కడికి వెళ్తే ఏమవుతుందో నాకు జరిగినదే చెప్తాను.

డబ్లిన్‌లో ఒక వేలంలో పెద్ద భోజనపు చెంచా కొన్నాను. కేటలాగులో "రాబర్ట్ కాల్డర్‌వుడ్, డబ్లిన్" అని ఉంది. కాల్డర్‌వుడ్ 18వ శతాబ్దం మధ్యలో డబ్లిన్‌లో పేరు మోసిన కంసాలి. చెంచా వెనక ఆర్.సి. అని రెండు అక్షరాలు చక్కగా కనిపించాయి. నేను అక్కడితో ఆగిపోయాను. ఇంటికొచ్చి టేబుల్ లైట్ కింద పక్కకి వంచి చూస్తే, హార్ప్ అనుకున్న అరిగిన మచ్చకి నాలుగు కాళ్లు, తోక కనిపించాయి. నడుస్తున్న సింహం! అది ఇంగ్లండ్ వెండి గుర్తు. దాని పక్కనే చిన్న రాజు తల. లండన్‌లో రాజు తల కొట్టడం మొదలైంది 1784లో. అప్పటికి కాల్డర్‌వుడ్ లేడు. ఆ ఆర్.సి. 1780ల తర్వాత లండన్‌లో చెంచాలు చేసిన రిచర్డ్ క్రాస్లీది. చెంచా మంచిదే, కానీ నేను వెతుకుతున్నది కాదు. వేలంవాళ్లు వెనక్కి తీసుకోలేదు. రెండు అక్షరాలు మాత్రమే చూస్తే ఊరు తప్పుతుంది, కాలం తప్పుతుంది, డబ్బూ పోతుంది.

కాబట్టి క్రమం ఇది. ముందు ఊరు, తర్వాత కాలం, చివర మనిషి.

ఊరు విషయం ఒకసారి గుర్తు చేసుకుందాం. 1637లో మొదటి చార్లెస్ రాజు డబ్లిన్ కంసాలుల సంఘానికి శాసనం ఇచ్చాడు. అప్పటి నుంచి పరీక్షకు నిలిచిన వెండి మీద కిరీటం పెట్టిన హార్ప్ కొట్టాలి. అంటే వెయ్యికి 925 పాళ్లు వెండి ఉందని హామీ. మనకి తెలిసిన 925 వెండి లెక్కే అది. హార్ప్ పక్కన కంసాలి తన సొంత ముద్ర కొట్టాలి. పరీక్షలో వెండి తక్కువ తేలితే ఎవరి మెడకి చుట్టుకోవాలో ఆ ముద్రే చెప్పేది. అందుకే ఆ అక్షరాల్ని సంతకంలా కాదు, పూచీగా చదవాలి. చాలాసార్లు అది దుకాణం యజమాని ముద్ర. లోపల కూర్చుని సుత్తి కొట్టింది ఒక శిష్యుడో, రోజుకూలీ పనివాడో అయ్యుండొచ్చు. "ఫలానావాడు తన చేతులతో చేశాడు" అని ఎవరైనా ఘంటాపథంగా చెప్తే, కొంచెం ఆగి ఆలోచించండి.

కాలం దగ్గరే ఐర్లండ్ వెండి ఇబ్బంది పెడుతుంది. 1730లో ఔన్సుకి ఆరు పెన్నీల సుంకం వచ్చింది. సుంకం కట్టినట్టు గుర్తుగా హైబర్నియా చేరింది. 1807లో రాజు తల వచ్చి సుంకం గుర్తు అయింది, అయినా హైబర్నియా పోలేదు, డబ్లిన్ గుర్తుగా నిలిచిపోయింది. 1890లో రాజు తల ఆగిపోయింది. ఇవి గట్టి గుంజల్లాంటివి. వాటి మధ్య మాత్రం చాలా ఖాళీ. 18వ శతాబ్దంలో డబ్లిన్ వస్తువులు ఎన్నో సంవత్సరం అక్షరం లేకుండానే బయటికొచ్చాయి. హార్ప్, హైబర్నియా, కంసాలి ముద్ర – అంతే. అలాంటప్పుడు 1730కీ 1807కీ మధ్య 77 ఏళ్లలో ఎక్కడ పెట్టాలో చెప్పగలిగేది ఆ కంసాలి ముద్ర ఒక్కటే. ఈ పాఠం అవసరం అక్కడే.

సంవత్సరం అక్షరం ఉన్నా సరే, అది ఒంటరిగా సరిపోదు. డబ్లిన్‌లో 1797కీ 'ఎ', 1821కీ 'ఎ'. రాజు తల ఉందా లేదా చూస్తే ఆ రెండూ విడిపోతాయి.

ఇప్పుడు ముద్రని దగ్గరగా చూద్దాం. పది రెట్లు పెద్దగా చూపించే లూప్ చాలు, బంగారు కొట్టువాళ్లు కంటికి పెట్టుకునేదే. లైట్ పైనుంచి కాదు, పక్కనుంచి పడాలి. అరిగిన గీతకి నీడ వస్తేనే కనిపిస్తుంది. చెంచాని నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. ఒక కోణంలో ఏమీ లేనిచోట ఇంకో కోణంలో అక్షరం లేస్తుంది. అప్పటికీ కనబడకపోతే ఒక పాత పద్ధతి ఉంది. కొవ్వొత్తి మంట పైన ముద్ర ఉన్న చోటుని క్షణం పట్టండి, కాటుక పట్టినట్టు మసి అంటుకుంటుంది. దానిమీద పారదర్శకమైన టేప్ అద్ది, తెల్ల కాగితం మీద అంటించండి. ముద్ర ఫొటోలా దిగుతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ. మన ఇళ్లలో వెండి కుందుల్ని విభూదితోనో పళ్లపొడితోనో మెరిసేదాకా తోముతాం కదా, ఆ అలవాటుని ఇక్కడ మాత్రం గట్టిగా ఆపుకోవాలి. ఒక్కో తోముడికీ అక్షరం అంచు కొంచెం కరుగుతుంది. రెండు వందల ఏళ్లు తోమగా మిగిలింది మన ముందుంది, ఇంకొంచెం తీసేయకండి.

దిగిన ముద్రలో నాలుగు సంగతులు విడివిడిగా కాగితం మీద రాసుకోండి: అక్షరాలు, వాటి మధ్య చుక్క ఉందా, అక్షరాల చుట్టూ గడి ఏ ఆకారంలో ఉంది, పైన కిరీటమో పువ్వో లాంటి బొమ్మ ఏదైనా ఉందా. ఒకే రెండు అక్షరాలు ఇద్దరు ముగ్గురివి కావొచ్చు, కానీ గడి ఆకారం, చుక్క, బొమ్మ అన్నీ కలవడం అరుదు. ముద్ర కొట్టే పంచ్ ఉక్కుతో చెక్కింది, దానికి దాని సొంత ముఖం ఉంటుంది.

తెలుగు చదువరులు ఎక్కువగా పడే గుంట ఒకటి ఉంది, అదీ 'ఐ' అక్షరం. ఆ రోజుల్లో 'జె' బదులు 'ఐ' కొట్టేవారు. జాన్, జేమ్స్, జోసెఫ్, జోనాథన్, జేన్ – అందరూ 'ఐ'నే. కాబట్టి 'ఐ' కనిపించగానే ఐజాక్ అనుకోకూడదు, ముందు 'జె' పేర్లన్నీ వెతకాలి. ఐజాక్‌లూ ఉన్నారు గనక ఇంకా చిక్కు. ఫ్రాన్స్ నుంచి మతం కోసం పారిపోయి వచ్చిన హ్యూగెనాట్ కుటుంబాల్లో డోలియర్‌లు ఒకరు. ఐజాక్ డోలియర్ ముద్రలో ఐ, డి, అపాస్ట్రఫీ, ఓ. ఆ ఇంటి పేరే పెట్టుకున్న జెరెమయా డోలియర్ కూడా కంసాలే, బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్ పెట్టినవాళ్లలో ఒకడు. డబ్లిన్ నడిబొడ్డున డోలియర్ స్ట్రీట్ ఆయన పేరే. అలాగే మూడు అక్షరాలు కనబడితే మూడు పేర్లు ఉన్నాయనుకోకండి. జేమ్స్ లె బా ముద్ర ఐ.ఎల్.బి. లిమరిక్ కంసాలి మారిస్ ఫిట్జ్‌జెరాల్డ్‌ది ఎం.ఎఫ్.జి. అందులో ఎఫ్, జి రెండూ ఒకే ఇంటిపేరు ముక్కలు.

ఇంగ్లండ్ అలవాటున్న వాళ్లకి ఇంకో హెచ్చరిక. 1697 నుంచి లండన్‌లో ఎక్కువ శుద్ధి వెండి తప్పనిసరి చేసినప్పుడు అక్కడి కంసాలులు ఇంటిపేరులోని మొదటి రెండు అక్షరాలు కొట్టాల్సి వచ్చింది. ఆ చట్టం ఐర్లండ్‌కి లేదు. 1700 నాటి డబ్లిన్ ముద్రలో పేరు ఒక అక్షరం, ఇంటిపేరు ఒక అక్షరమే.

పూర్తి పేరు కనబడితే? 19వ శతాబ్దం మొదట్లో డబ్లిన్ చెంచాల మీద 'లా' అనో 'వెస్ట్' అనో పూర్తి ఇంటిపేరు కొట్టి ఉంటుంది. అది చాలాసార్లు అమ్మిన కొట్టు పేరు. దానికి కొంచెం దూరంలో ఇంకో జత చిన్న అక్షరాలు ఉంటే, అవి చేసినవాడివి.

డబ్లిన్ దాటి దక్షిణానికి వస్తే అసలు ఆనందం మొదలవుతుంది. కార్క్‌లో పరీక్ష కార్యాలయం లేదు. చట్టం ప్రకారం ప్రతి వస్తువూ డబ్లిన్ పంపాలి. దూరం, దొంగల భయం, ఖర్చు. అందుకని కార్క్ కంసాలులు తమ అక్షరాల పక్కన 'స్టెర్లింగ్' (అంటే 925 వెండి) అని తామే కొట్టుకున్నారు. దానికి ముందు రెండు బురుజుల మధ్య ఓడ, అంటే ఆ ఊరి చిహ్నమే ముద్రగా కొట్టేవారు. లిమరిక్‌లోనూ అంతే, కొందరి పంచ్‌లో అది 'స్టార్లింగ్' అయింది. గాల్వేలో లంగరు గుర్తు. ఆ లంగరుతో ఆర్.ఐ. అని ఉంటే రిచర్డ్ జాయిస్, ఇక్కడా ఆ 'ఐ' నిజానికి 'జె'నే. ఇలాంటి వస్తువుల మీద హార్ప్ లేదని దొంగ వెండి అనుకుని పక్కన పెట్టేసినవాళ్లు ఉన్నారు. అవే ఇప్పుడు డబ్లిన్ వెండి కంటే ఎక్కువ ధర పలుకుతున్నాయి.

కార్క్ నుంచి ఒక్క ముద్రని దగ్గరగా చూసి ఈ పాఠం ముగిద్దాం, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పైవరుసలో సి.టి., కిందవరుసలో ఐ.డబ్ల్యు. సి.టి. అంటే కార్డెన్ టెర్రీ. ఐ.డబ్ల్యు. ఎవరు? టెర్రీ అల్లుడు జాన్ విలియమ్స్, ఆయనా కంసాలే. 'ఐ' అంటే జాన్, సరిపోయింది అనిపిస్తుంది. కానీ జాన్ పోయాక ఆయన భార్య, టెర్రీ కూతురు జేన్ విలియమ్స్ తండ్రితో కలిసి దుకాణం నడిపింది. జేన్ కూడా 'ఐ'నే, ఇంటిపేరు కూడా 'డబ్ల్యు'నే. అక్షరాలు ఎంత చూసినా మొగుడో పెళ్లామో తేల్చలేం. అప్పుడు చూపు పక్కకి జరపాలి. అదే చెంచా మీద డబ్లిన్ ముద్రలూ ఉండి, వాటిలో మూడో జార్జ్ తల ఉంటే అది 1807కి ముందుది కాదు. జేన్ వైపు మొగ్గవచ్చు. ఆ చిన్న రాజు తల లేకపోతే, 200 ఏళ్ల కింద ఒక ఊరిలో కంసాలి దుకాణం నడిపిన ఆడమనిషి పని కేటలాగుల్లో మగవాడి ఖాతాలో పడిపోతుంది. పడిపోయింది కూడా. నేను ఏ కార్క్ చెంచా చూసినా ముందు ఆ తల కోసమే వెతుకుతాను.

అభ్యాసం. ఈ మూడింటినీ కాగితం మీద రాసుకుని, ఊరు, కాలం, మనిషి వరుసలో జవాబు రాయండి. మనిషి తెలియకపోతే ఖాళీ వదిలేయండి, ఊరూ కాలం మాత్రం తప్పకుండా రాయాలి.

మొదటిది: సూప్ గరిటె. కిరీటం ఉన్న హార్ప్, హైబర్నియా, ఆర్.సి. రాజు తల లేదు, సంవత్సరం అక్షరం లేదు.

రెండోది: పంచదార పటకారు. 'స్టెర్లింగ్' అని ఒక గడి, దాని పక్కన ఎం.ఎఫ్.జి. ఇంకేమీ లేదు. కార్క్ అని రాసే ముందు ఒకసారి పైకి వెళ్లి చదవండి.

మూడోది: టీ చెంచా. హార్ప్, హైబర్నియా, రాజు తల, 'ఎ' అక్షరం, దూరంగా 'లా'. కంసాలి అక్షరాలు ఉండాల్సిన చోట గీతలు తప్ప ఏమీ లేవు. దీనికి మసి పద్ధతి వాడితే ఏం దొరకొచ్చో ఊహించి రాయండి.

జవాబులు 5వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో గిన్నెల అడుగున గోరుతో గీకినట్టు కనిపించే అంకెల్ని చదువుదాం. అవి ఔన్సుల్లో పాత తూకాలు. వెండి తూచే ట్రాయ్ ఔన్సుకి 31.1 గ్రాములు లెక్క వేసుకుని, మీ దగ్గరున్న ఏదైనా వెండి వస్తువుని ముందే తూచి పెట్టుకోండి.