జపాన్‌లో బస్సును నమ్ముకుని కొండెక్కాలంటే

జపాన్ రైళ్లు నిమిషం తప్పకుండా నడుస్తాయని మనందరికీ ఒక నమ్మకం, టోక్యో వరకూ అది చాలావరకు నిజమే. కొండల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బండి ఆలస్యంగా రావడం కాదు, అసలు ఆ రోజు బండే లేకపోవడం ఎదురవుతుంది. టోక్యోలోని నిషి కసాయిలో ఉండే మనవాళ్లు శనివారం తెల్లవారుజామున పులిహోర డబ్బా సర్దుకుని బయల్దేరి, కొండ కింద బస్టాప్‌లో కూర్చుని అది తినేసి వెనక్కి వచ్చిన సందర్భాలు తక్కువేం కాదు. అందుకే ముందు బస్సు చూసుకోండి, కొండ సంగతి తర్వాత.

ప్లాన్ ఎప్పుడూ వెనక నుంచి వేసుకోవాలి. కొండ దిగే చోట చివరి బస్సు ఎన్నింటికో చూడండి, దాని ముందు బస్సే మీ బస్సు అనుకోండి, అక్కణ్నుంచి నడక టైము తీసేస్తూ పొద్దున ఎన్నింటికి ఎక్కడం మొదలుపెట్టాలో తేల్చండి. యామాప్ లాంటి ట్రెకింగ్ యాప్‌లలో చూపించే నడక టైములో భోజనం, ఫొటోలు, ఆయాసం తీర్చుకోవడం ఉండవు, కాబట్టి దానికో గంటన్నర కలపండి. నవంబర్ చివర్లో టోక్యో చుట్టుపక్కల నాలుగున్నరకే సూర్యాస్తమయం, దేవదారు చెట్ల మధ్య అంతకంటే ముందే చీకటి పడుతుంది. ఈ లెక్క కుదరకపోతే ఆ కొండ ఆ రోజుకి కాదు, అంతే.

టైంటేబుల్ చదవడం అసలు పని. బస్టాప్ కంబానికి అంటించిన కాగితంలో రెండు వరుసలు ఉంటాయి, హేజిత్సు అంటే మామూలు పనిరోజులు, దోక్యూజిత్సు అంటే శని, ఆది, సెలవులు. నిమిషాల అంకెల పక్కన చిన్న సున్నాలు, త్రికోణాలు ఉంటాయి, వాటి అర్థం అడుగున చీమల్లాంటి అక్షరాల్లో రాసి ఉంటుంది, ఫలానా నెలల్లో ఈ బస్సు లేదనో, ఫలానా స్టాపు వరకే వెళ్తుందనో. టోక్యో పడమటి కొండల్లో ఉన్న ఒకుతామా స్టేషన్ నుంచి నిప్పారా వైపు వెళ్లే బస్సునే చూడండి, పనిరోజుల్లో సున్నపురాతి గుహ దాకా వెళ్తుంది, శని ఆదివారాల్లో హిగాషి నిప్పారాలోనే ఆగిపోతుంది, మిగతాది 20 నిమిషాలకు పైగా నడక. దీనికి తిరగేసినవీ ఉన్నాయి, ట్రెకింగ్ సీజన్లో సెలవు రోజుల్లో మాత్రమే తిరిగే బస్సులు. దీపావళికి లీవు పెట్టి మంగళవారం వెళ్తే మనకే పండగ, బస్సుకి కాదు.

పోయినేడాది ఎవరో రాసిన వివరాలు నమ్మొద్దు. డ్రైవర్ల కొరత ఎప్పట్నుంచో ఉంది, దానికి తోడు 2024 ఏప్రిల్ నుంచి వాళ్ల పని గంటలు, విశ్రాంతి మీద నిబంధనలు గట్టిగా చేశారు, దాంతో చాలాచోట్ల ట్రిప్పులు తగ్గాయి, కొన్ని రూట్లు పూర్తిగా పోయాయి. గూగుల్ మ్యాప్స్‌ని కూడా కొండ బస్సుల విషయంలో పూర్తిగా నమ్మలేం. ముందురోజు రాత్రి, పొద్దున రైలెక్కేముందు, రెండుసార్లూ బస్సు కంపెనీ సొంత పేజీ చూడండి, ‘ఉన్‌క్యూ’ అని ఉందంటే ఆ బస్సు రద్దు.

ఇంత చేసినా బస్సు తప్పిపోవచ్చు. ఒకసారి మా రైలుకి జింక అడ్డం వచ్చింది, డ్రైవర్ దిగి పట్టాలన్నీ చూసుకుని బండి కదిలేసరికి కింద మా బస్సు వెళ్లిపోయింది, తర్వాతి బస్సు మధ్యాహ్నానికి. జింకలే కాదు, ఈదురుగాలి, భారీ వాన, తుఫాను వస్తోందంటే ముందే ప్రకటించి ఆపేయడం, అన్నీ మామూలే. ‘తొమ్మిదింటిలోపు బస్సెక్కకపోతే పెద్ద కొండ మానేస్తాం’ అని బయల్దేరేముందే గ్రూపులో తేల్చుకోండి, అక్కడికెళ్లాక ఆ గొడవ పడితే ఎవరో ఒకరు ‘ఏం కాదులే’ అనకుండా ఉండరు. ఇంకో మాట, రైలు ఆగినప్పుడు వేరే కంపెనీ లైన్లో ఉచితంగా పంపే ఏర్పాటు ఒకటుంది, సుయికా అనే రైలు కార్డు బ్యాలెన్స్‌తో ఎక్కినవాళ్లకి అది మామూలుగా వర్తించదు, కాగితం టికెట్ గానీ ఆ దారికి పాస్ గానీ ఉండాలి.

మానేస్తే ఎక్కడికి? బస్సుతో పనిలేని కొండ ఒకటి అదే లైన్లో ముందే చూసి పెట్టుకోండి. ఒకుతామా వెళ్లే ఓమే రైలు లైన్లో అయితే తకామిజు సాన్‌జాన్ నాకిష్టం, ఇకుసాబాతా స్టేషన్లో దిగి మూడు కొండలు దాటి మితాకే స్టేషన్‌కి నేరుగా నడిచి రావచ్చు, అన్నిటికంటే ఎత్తైనది 793 మీటర్లే కానీ కాళ్లకి సరిపడా పని చెబుతుంది. టోక్యో అంచున తకావో కొండ (599 మీటర్లు) ఎప్పుడూ ఉంది, సెలవు రోజు తిరనాళ్లలా ఉంటుందంతే.

పెద్ద పర్వతాలకి ఈ సర్దుబాటు కుదరదు. నగానోలోని కామికోచి లోయకి సొంత కార్లు వెళ్లనివ్వరు, నవంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా బస్సులూ ఉండవు. కితాదాకే (3193 మీటర్లు) ఎక్కడానికి వెళ్లే హిరోగవారా రోడ్డు కూడా అంతే, సొంత కారుకి దారి లేదు, పెద్ద వాన పడితే రోడ్డే మూసేస్తారు, పైన ఉన్నవాళ్లు అక్కడే ఉండిపోవాలి. ఇలాంటి చోట్లకి వెనకాల ఒక రోజు ఖాళీగా పెట్టుకోండి, సోమవారం పొద్దున్నే మీటింగ్ పెట్టుకుని వెళ్లొద్దు.

దిగేటప్పుడు బస్సు తప్పితే దిక్కు టాక్సీయే. చిన్న స్టేషన్లలో ఒకటో రెండో ఉంటాయి, చీకటి పడ్డాక అవీ ఉండకపోవచ్చు. లోయలో సిగ్నల్ ఉండదు కాబట్టి స్థానిక టాక్సీ నంబరు ముందే రాసుకోండి, సిగ్నల్ దొరికే ఎత్తులో ఉండగానే ఫోన్ చేయండి. బస్టాప్‌లో ఇంకెవరైనా చిక్కుకుపోయి ఉంటే కలిసి వెళ్దామా అని అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు. వెయ్యి యెన్ నోట్లు నాలుగైదు జేబులో ఉంచుకోండి, చాలా కొండ బస్సుల్లో కార్డు పనిచేయదు, బస్సులో చిల్లర ఇచ్చే మెషీన్ పదివేల నోటు తీసుకోదు.

ట్రెక్ రద్దయితే రెండు పనులు మర్చిపోవద్దు. కొండ మీద గుడిసెలో రాత్రికి బుక్ చేసుకుని ఉంటే వెంటనే ఫోన్ చేసి రావట్లేదని చెప్పండి, లేకపోతే దారిలో ఏమైందోనని వాళ్లు ఎదురుచూస్తారు. ట్రెక్ ప్లాన్ ముందే రాసిచ్చే ‘కంపాస్’ అనే ఆన్‌లైన్ సేవలో వివరాలు ఇచ్చి ఉంటే అదీ క్లోజ్ చేయండి, చేయకపోతే మీరు రాసిచ్చిన అత్యవసర చిరునామాకి ఇంకా కొండ దిగలేదని మెయిల్ వెళ్తుంది, మీరేమో అప్పటికి షింజుకులో బిర్యానీ తింటూ ఉంటారు.