విత్తనాల్లో వైరస్ పరీక్ష – మూడవ పాఠం: పొట్లాలు కట్టడం, ప్లేటు చదవడం

టమాటా మొజాయిక్ వంటి టొబామోవైరస్‌లు ప్రధానంగా గింజ పైపొరను అంటిపెట్టుకొని ఉంటాయనీ, బీన్ కామన్ మొజాయిక్ వైరస్ మాత్రం పిండం లోపలికే చేరుతుందనీ గత పాఠంలో తెలుసుకున్నాము. ఇప్పుడు గింజలను లెక్కించి, పొట్లాలుగా కట్టి, నూరి, ఎలైసా (వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలు అనే ప్రోటీన్లతో చేసే రంగు పరీక్ష) ప్లేటు మీద ఫలితం చదవడం నేర్చుకుందాము. లెక్క దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. నేను చూసినంతవరకు పరీక్షలు దారి తప్పేది యంత్రం దగ్గర కాదు, అంతకు ముందే.

ఒక లాటులో (ఒకే రాశిగా లెక్కించే విత్తనాల్లో) ప్రతి వెయ్యి గింజలకూ ఒకదానికి, అంటే 0.1 శాతం గింజలకు, వైరస్ సోకి ఉందనుకోండి. అందులోంచి 300 గింజలు తీసుకుంటే సోకిన గింజ ఒక్కటైనా మన చేతికి వచ్చే అవకాశం ఎంత? ఒక గింజ ఆరోగ్యంగా ఉండే సంభావ్యత 0.999. దాన్ని 300వ ఘాతానికి పెంచి, వచ్చిన విలువను 1 లోంచి తీసివేస్తే సుమారు 0.26 వస్తుంది. అంటే నాలుగింట మూడు వంతుల సార్లు సోకిన గింజ మన నమూనాలోకే రాదు. అప్పుడు పరీక్ష ఎంత నిక్కచ్చిగా చేసినా ఫలితం నెగెటివ్ అనే వస్తుంది. అదే 3,000 గింజలు తీసుకుంటే ఆ అవకాశం 95 శాతానికి చేరుతుంది. టమాటా, మిరప విత్తనాల్లో టొబామోవైరస్ పరీక్షకు 3,000 అనే సంఖ్య తరచూ కనిపించడానికి కారణం ఈ లెక్కే. కాబట్టి నివేదికలో ‘నెగెటివ్’ అని మాత్రమే రాసి ఊరుకోకూడదు. ఎన్ని గింజలు పరీక్షించారో దాని పక్కనే తప్పనిసరిగా రాయాలి.

గింజలను బస్తా పై భాగం నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి కొంచెం కొంచెంగా తీసి బాగా కలపాలి. మూడు వేల గింజలను ఒక్కొక్కటిగా పరీక్షించడం సాధ్యం కాదు గనుక, 250 చొప్పున 12 పొట్లాలు కట్టి, ఒక్కో పొట్లాన్ని ఒక్కో నమూనాగా నూరుతాము. అయితే 249 ఆరోగ్యకరమైన గింజల మధ్య ఉన్న ఒక్క సోకిన గింజను మీ యాంటీబాడీ పట్టుకోగలదా అన్నది ముందే తేల్చుకోవాలి. సోకినట్టు తెలిసిన గింజ ఒకదాన్ని 249 మంచి గింజల్లో కలిపి నూరి చూడండి. రంగు స్పష్టంగా రాకపోతే పొట్లాన్ని 100 గింజలకో, ఇంకా తక్కువకో కుదించండి.

ఒక్కో పొట్లాన్ని బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణంలో) నానబెట్టి, విడి సంచిలో వేసి నూరండి. పొట్లం మారినప్పుడల్లా చేతి తొడుగులు మార్చండి. పొగాకు ఉత్పత్తులు ముట్టుకున్న చేతులతో ఈ పనికి కూర్చోవద్దు. టొబాకో మొజాయిక్ వైరస్ ఎండిన పొగాకులో కూడా బతికి ఉండి, వేళ్ల మీదుగా నమూనాలోకి చేరగలదు.

జంట యాంటీబాడీల మధ్య వైరస్‌ను బంధించే ఎలైసా పద్ధతి 1977 నుంచి మొక్కల వైరస్ పరీక్షల్లో వాడుకలో ఉంది. ప్లేటులోని 96 గుంటల అడుగున మొదటి యాంటీబాడీని అంటించి, కడిగి, గింజల రసం పోయాలి. మళ్లీ కడిగి, ఎంజైము తగిలించిన రెండవ యాంటీబాడీని, ఇంకోసారి కడిగి చివరగా ఎంజైము తగిలితే రంగు మారే పదార్థాన్ని, అంటే సబ్‌స్ట్రేట్‌ను, పోయాలి. ఎంజైము ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అయితే వైరస్ ఉన్న గుంటలో పసుపు రంగు తేలుతుంది. దాన్ని 405 నానోమీటర్ల దగ్గర కొలుస్తాము. నేర్చుకునే రోజుల్లో ఒకసారి తొందరపడి కడగడంలో అశ్రద్ధ చేశాను. అరగంటకు ప్లేటంతా, ఉత్త బఫర్ పోసిన గుంటలతో సహా, ఒకే పసుపులో నిలిచింది. ఆ బఫర్ గుంటలే లేకపోతే లాటు మొత్తానికి వైరస్ ఉందని రాసేసేవాణ్ణి. అందుకే ప్రతి ప్లేటులోనూ సోకిన నమూనా, ఆరోగ్యకరమైన నమూనా, ఉత్త బఫర్ – ఈ మూడూ ఉండాలి. ప్రతి రసాన్నీ రెండేసి గుంటల్లో పోయాలి. ఆరోగ్యకరమైన నమూనా సగటుకు రెండు లేదా మూడు రెట్లు దాటిన విలువను పాజిటివ్‌గా పరిగణించడం ఎక్కువమంది పాటించే పద్ధతి.

12 పొట్లాల్లో 4 పాజిటివ్ అయితే మూడో వంతు గింజలు సోకాయని అర్థం కాదు. మిగిలిన 8 పొట్లాల వంతును, అంటే 0.667ను, 250వ మూలానికి తగ్గించి 1 లోంచి తీసివేస్తే సుమారు 0.16 శాతం వస్తుంది. లాటులో సోకిన గింజల అంచనా అదే.

అయితే ఎలైసా చూసేది వైరస్ పైతొడుగు ప్రోటీన్‌ను మాత్రమే. శుద్ధి చేసిన గింజలపై వైరస్ చచ్చిపోయినా ఆ ప్రోటీన్ మిగిలి ఉండి, రంగు రావచ్చు. అది మొక్కకు సోకగల వైరస్సో కాదో బతికున్న ఆకే చెప్పాలి.

అభ్యాసం: 2,000 గింజలను 100 చొప్పున 20 పొట్లాలు కట్టగా రెండు పాజిటివ్ వచ్చాయి. లాటులో ఎంత శాతం గింజలు సోకాయో లెక్కించండి, 0.1 శాతానికి దగ్గరగా వస్తే సరిగ్గా చేసినట్టే. వచ్చే పాఠంలో పొగాకు జాతికి చెందిన నికోటియానా గ్లుటినోసా ఆకులపై రసం రుద్ది, సోకగల వైరస్ ఉంటే వచ్చే మచ్చలు లెక్కిస్తాము. ఆ మొక్కలు ఎదగడానికి వారాలు పడుతుంది గనుక, విత్తనాలు ఈరోజే చల్లుకోండి.