ముందు పలక ఇవ్వండి: వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లతో బొమ్మలు వేయించడం ఎలా?

ఒంగోలు చుట్టుపక్కల వృద్ధాశ్రమాలకు ఆరేళ్లుగా వారానికి రెండు రోజులు వెళ్తున్నాను. అంతకుముందు బడిలో డ్రాయింగ్ టీచర్ని. ఆదివారం పూట కేకు పట్టుకొచ్చి, పెద్దవాళ్ల చేతిలో చిన్నపిల్లల రంగుల పుస్తకం, స్కెచ్ పెన్నుల ప్యాకెట్టు పెట్టి, ఫొటో దిగి వెళ్లిపోయే వాళ్లను చూసీ చూసీ విసుగు పుట్టింది. పొగాకు వేసి, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రిళ్లు మేలుకుని, నలుగురు పిల్లల పెళ్లిళ్లు చేసిన 78 ఏళ్ల మనిషిని కుందేలు బొమ్మలో రంగు నింపమంటారా?

ఇంకో మాట. మనం చేసేదాన్ని ఆర్ట్ థెరపీ, అంటే బొమ్మలతో చేసే చికిత్స, అనకండి. ఆ పేరును 1942లో వాడుకలోకి తెచ్చింది ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు. క్షయతో శానిటోరియంలో ఉన్నప్పుడు బొమ్మలు వేసుకుంటూ తేరుకున్నాడాయన. తర్వాత అది చదువూ శిక్షణా కావలసిన వృత్తి అయింది. మనం బొమ్మలు వేయిస్తాం, అంతే. వాటికి అర్థాలు చెప్పే పని పెట్టుకోవద్దు. ఎవరైనా వేస్తూ వేస్తూ రోజూ ఏడుస్తుంటే అక్కడి నర్సుకో డాక్టరుకో చెప్పండి.

కావలసినవి

మనిషికొక రాతి పలక, బలపాలు, చాక్‌పీసులు, తడిగుడ్డలు, పాత సైకిల్ ట్యూబు ముక్కలు, రబ్బరు బ్యాండ్లు. పలకలు చెక్క చట్రమున్న మార్కాపురం రాతివే కావాలి. రేకువి, ప్లాస్టిక్‌వి వద్దు, వాటి మీద బలపం జారుతుంది.

పలకెందుకు, డ్రాయింగ్ షీటు ఇవ్వొచ్చు కదా అని ప్రతి కొత్త వలంటీరూ అడుగుతారు. తెల్ల కాగితం ముందు పెడితే పెద్దవాళ్లు బిగుసుకుపోతారు. పాడైపోతుందేమో, ఖరీదేమో అని భయం. పలకైతే తుడిస్తే పోయె. పైగా శుక్లాలున్న కంటికి తెల్ల కాగితం మీద పెన్సిలు గీత ఆనదు, నల్లరాయి మీద తెల్లగీత ఆనుతుంది. వయసుతో కంటి కటకం పసుపుబారి నీలానికీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలియదు కాబట్టి, మొదటి రోజే రంగుల డబ్బా తెరిచి లాభం లేదు. ఇసుక పళ్లెం మంచిదంటారు కొందరు. అదీ చేసి చూశాను. ఫ్యాను వేస్తే కళ్లలో పడుతుంది, ఊడ్చేసరికి వార్డు ఆయమ్మ మనల్ని తిడుతుంది.

కూర్చోబెట్టడం

పొద్దున టిఫిన్ అయ్యాక, 10 గంటల ప్రాంతంలో. సాయంత్రం వద్దు. మతిమరుపు జబ్బున్న వాళ్లలో చాలామందికి పొద్దువాలేసరికి కంగారు ఎక్కువవుతుంది. ఒక బల్లకు ఆరుగురు, ఏడో మనిషి వద్దు. టీవీ కట్టేయాలి. కాళ్లు నేలకు, మోచేతులు బల్లకు ఆనాలి. కళ్లద్దాలు మీరే తుడిచిపెట్టండి. సగంమందికి అక్కడే చూపు వచ్చేస్తుంది! చెయ్యి వణికేవాళ్లకు చాక్‌పీసు చుట్టూ ట్యూబు ముక్క చుట్టి రబ్బరు బ్యాండు వేయండి, లావుగా పట్టు దొరుకుతుంది.

మొదటి గీత

అందరూ చెడగొట్టేది ఇక్కడే. పలక ఇవ్వగానే "నాకు రాదు టీచరమ్మా, చిన్నప్పుడే రాలా, ఇప్పుడేమొస్తది" అంటారు. "వస్తుందిలే అవ్వా, వెయ్యి వెయ్యి" అని బతిమాలారా, ఇంకా ముడుచుకుంటుంది. చెయ్యి పట్టుకుని గీయించడం అంతకన్నా తప్పు. ఇక చెయ్యకూడని పనుల్లో అన్నిటికంటే పెద్దది, మీరు అందంగా వేసి చూపించి ఇలా వెయ్యమనడం.

నేను చేసేది చెప్తాను. అవ్వకు ఎదురుగా కాదు, పక్కన కూర్చుంటాను. నా పలక మీద చుక్కలు పెడతాను. 7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేదాకా. కావాలనే ఒక చుక్క వదిలేస్తాను. పలకను ఇద్దరి మధ్యకు జరిపి, ఆమె వైపు చూడకుండా పది నిమిషాలైనా ఊరికే ఉంటాను. ఈ ఊరికే ఉండటం వలంటీర్లకు చేతకాదు, మధ్యలో ఏదో ఒకటి వాగుతారు. బడి మొహం చూడని అవ్వలకు కూడా ముగ్గు చేతిలో ఉంటుంది. పేర్లు మరిచిపోయినా చేతికి అలవాటైన పని చాలాకాలం నిలుస్తుంది. కొత్తపట్నం వైపు అవ్వ ఒకామె నెలరోజులు పలక ముట్టలేదు. ఒకరోజు "ఏందమ్మే, ఈడ చుక్కేది?" అని నా చేతిలో బలపం లాక్కుంది.

మగవాళ్ల దగ్గర ముగ్గు పారదు, ఆడవాళ్ల పని అంటారు. వాళ్లను దారి అడగండి. బస్సు దిగి మీ చేనుకి ఎటు పోవాలి, బావి ఎటు, బ్యారన్ ఎటు. నోటితో చెప్పలేక గీసి చూపిస్తారు.

గీత మొదలయ్యాక "ఇదేం బొమ్మ?" అని మాత్రం అడగొద్దు. మతిమరుపు ఉన్న మనిషికి అది పరీక్ష. జవాబు గుర్తు రాకపోతే బలపం కింద పెట్టేస్తారు. ఊరికే "సూపర్" అనడం కూడా వద్దు, అబద్ధమని వాళ్లకు తెలుసు. కనిపించింది చెప్పండి చాలు: "ఈ గీత గట్టిగా ఒత్తావే తాతా."

దిద్దడమైతే అసలే వద్దు. ఇది నేను తిన్న దెబ్బ. ఒక తాత నాలుగు కాళ్ల జంతువును వేశాడు. ఒంగోలు గిత్తే అనుకుని, డ్రాయింగ్ టీచర్ బుద్ధి పోనిచ్చుకోక మూపురం తగిలించాను. పలక పక్కన పెట్టి లేచిపోయాడు, మూడు వారాలు రాలేదు. అది గిత్త కాదు, వాళ్ల గేదె.

పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయిన వాళ్లు కొందరు పలకలో ఎడమ సగం ఖాళీగా వదిలేస్తారు. కన్ను బాగున్నా మెదడు ఆ వైపును గమనించదు. "ఈ పక్క వదిలేశావేం" అనకుండా పలకను కాస్త కుడికి జరపండి.

తుడవడం, రంగులు

ఎవరి పలక వాళ్లే తుడవాలి. మీ చెయ్యి పడకూడదు. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు "తుడవబాక" అంటారు. ఆ రోజు ఆ మనిషికి కాగితం, లావు కుంచె ఇవ్వండి. ఎరుపు, పసుపు, నలుపు చాలు. కుంచె కడిగే నీళ్లు వెడల్పాటి గిన్నెలో పెట్టండి. గ్లాసులో పెడితే తాగేస్తారు.

పోయేటప్పుడు బలపాలు లెక్కపెట్టుకోండి. ఇద్దరు అవ్వలు కొంగున ముడేసుకుని రాత్రి తింటున్నారని వార్డు ఆయమ్మ చెప్పేదాకా, ఎలుకలు ఎత్తుకుపోతున్నాయనుకున్నాను.